తక్కువ బడ్జెట్ నైట్రో ఇంజిన్: ఆర్‌సీ ట్రక్‌కి ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి?

ఫోన్ రివ్యూ రాయడం తేలిక. బాక్స్ ఓపెన్ చేస్తాం, రెండు వారాలు వాడతాం, కెమెరా ఇలా ఉంది, బ్యాటరీ అలా ఉంది అని చెప్పేస్తాం. ఈసారి నేను రాస్తున్న గ్యాడ్జెట్‌కి చార్జింగ్ పోర్ట్ లేదు, అప్‌డేట్లు రావు. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, నీలం పొగ వదులుతుంది, వీధి చివరిదాకా వినపడేలా అరుస్తుంది. సరిగ్గా చూసుకోకపోతే చచ్చిపోతుంది. నా మొదటి ఇంజిన్ అలాగే పోయింది, 3 లీటర్ల ఫ్యూయల్ కూడా తాగకుండానే.

రెండోది ఇప్పటికి 11 లీటర్లు తాగింది. ఇంకా ఒకటి రెండు లాగుళ్లకే స్టార్ట్ అవుతోంది. రెండిటి ధరా దాదాపు ఒకటే, సుమారు ఏడు వేలు. సైజు కూడా ఒకటే. తేడా అంతా కొనే ముందు నేను చూసిన విషయాల్లో, కొన్న తర్వాత చేసిన పనుల్లో ఉంది. ఆ తేడా ఏంటో చెప్పడానికే ఈ ఆర్టికల్.

టైమ్ లేనివాళ్లకి ముందే చెప్పేస్తా

- 1/10 సైజు ట్రక్‌కి .15 లేదా .18 ఇంజిన్ చాలు. 1/8 సైజు ట్రక్‌కి .21 నుంచి .28 వరకు చూడండి.
- ధర కంటే ముందు స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా లేదా చూడండి.
- ఇంజిన్‌ని చంపేది స్పీడ్ కాదు. దుమ్ము, లీన్ సెట్టింగ్, వాడాక లోపల వదిలేసిన ఫ్యూయల్.
- ఇదే మీ మొదటి ఆర్‌సీ బండి అయితే ఎలక్ట్రిక్ కొనండి. నిజంగానే చెప్తున్నా.

ఎలక్ట్రిక్ ఉండగా నైట్రో ఎందుకు?

బ్రష్‌లెస్ మోటార్, లైపో బ్యాటరీ వచ్చాక స్పీడ్‌లో నైట్రోకి ఉన్న పైచేయి పోయింది. ఎలక్ట్రిక్ ట్రక్ స్విచ్ వేస్తే కదులుతుంది. ట్యూనింగ్ లేదు, పొగ లేదు, పక్కింటి వాళ్లతో గొడవ లేదు. అయినా నైట్రో కొనేవాళ్లు ఉన్నారు, ఎందుకంటే అది బొమ్మలో పెట్టిన నిజమైన ఇంజిన్. ట్యాంక్ నింపితే పది నిమిషాలు నడుస్తుంది, మళ్లీ నింపితే వెంటనే మళ్లీ నడుస్తుంది, చార్జింగ్ కోసం గంట కూర్చోనక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని, చెవితో విని, చేత్తో సెట్ చేసుకోవడంలో ఒక తృప్తి ఉంది. ఆ పని మీకు నచ్చదనిపిస్తే ఇక్కడే ఆగిపోవచ్చు, డబ్బులు మిగులుతాయి.

లోపల ఏం జరుగుతుంది?

ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. మన లూనా, పాత చేతక్ స్కూటర్ నడిచిన పద్ధతే. వాటికి పెట్రోల్ బంకులో ఆయిల్ కలిపి పోయించుకునేవాళ్లం, గుర్తుందా? ఇక్కడా ఆయిల్ ఫ్యూయల్‌లోనే కలిసి ఉంటుంది. వేరే ఆయిల్ ట్యాంక్ ఉండదు. అంటే లోపలికి వెళ్లే ఫ్యూయల్ తగ్గితే దానితోపాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

తేడా ఎక్కడంటే, దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. అందులో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు చిన్న బ్యాటరీ ఇగ్నైటర్‌తో ఆ తీగని ఎర్రగా కాలుస్తాం. ఇంజిన్ అందుకున్నాక ఇగ్నైటర్ తీసేసినా తీగ వేడి తగ్గదు. మండే వేడికి తోడు, మిథనాల్ ఆవిరికి, ప్లాటినానికి మధ్య జరిగే రసాయన చర్య దాన్ని వేడిగా ఉంచుతుంది. అందుకే ఈ ఇంజిన్‌లో పెట్రోల్ పోస్తే పని చెయ్యదు.

ఫ్యూయల్‌లో మూడు ఉంటాయి: మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. మిథనాల్‌కి 6.5 గ్రాములు చాలు. నైట్రోమీథేన్‌కి 1.7 గ్రాములే, ఎందుకంటే ఆక్సిజన్‌ని అది తనలోనే మోసుకొస్తుంది. అదే గాలితో ఎక్కువ ఫ్యూయల్ కాల్చగలగడం వల్లే అంత చిన్న ఇంజిన్‌కి అంత బలం.

స్పెక్ షీట్ ఎలా చదవాలి?

బాక్స్ మీద .12, .15, .18, .21, .28 అని నంబర్లు కనపడతాయి. ఇవి క్యూబిక్ అంగుళాలు. సీసీలోకి మార్చుకుంటే ఇలా వస్తాయి:

- .12 అంటే దాదాపు 2 సీసీ
- .15 అంటే దాదాపు 2.5 సీసీ
- .18 అంటే దాదాపు 3 సీసీ
- .21 అంటే దాదాపు 3.5 సీసీ
- .28 అంటే దాదాపు 4.6 సీసీ

ఫోన్లలో మెగాపిక్సెల్ లాంటిదే ఇది కూడా. పేరులో 18 ఉన్నంత మాత్రాన లోపల కచ్చితంగా 2.95 సీసీ ఉంటుందని కాదు. హెచ్‌ఎస్‌పీ 1/10 ట్రక్కుల్లో వచ్చే వీఎక్స్-18 ఇంజిన్‌నే తీసుకోండి, స్పెక్‌లో 2.74 సీసీ అని ఉంటుంది. అది పెద్ద లోపమేం కాదు, కానీ రెండు ఇంజిన్లు పోల్చేటప్పుడు పేరు కాకుండా సీసీ చూడండి. ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్ 3.3 విషయంలో పేరులోనే సీసీ ఉంటుంది.

హార్స్‌పవర్, ఆర్‌పీఎం అంకెల్ని నేను పట్టించుకోను. 30 వేల ఆర్‌పీఎం అని బాక్స్ మీద రాసి ఉన్నా, మీ ట్రక్ గేర్లతో, మీ టైర్లతో, మన ఎండలో అది ఎంత తిరుగుతుందో ఆ బాక్స్‌కి తెలీదు. దానికి బదులు ఏబీసీ అన్న అక్షరాలు ఉన్నాయా చూడండి. అల్యూమినియం పిస్టన్, బ్రాస్ స్లీవ్, క్రోమ్ పూత అని అర్థం. ఏబీఎన్ అంటే క్రోమ్ బదులు నికెల్ పూత. ఈ రకం ఇంజిన్లలో పిస్టన్‌కి రింగులు ఉండవు. స్లీవ్ పైభాగం కొద్దిగా ఇరుకుగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వెళ్లేసరికి బిగుసుకుంటుంది, వేడెక్కితే స్లీవ్ వ్యాకోచించి సరిగ్గా సరిపోతుంది. ఆ బిగువునే పించ్ అంటారు. కొత్త ఇంజిన్‌లో చేత్తో ఫ్లైవీల్ తిప్పితే పైన గట్టిగా ఆగుతుంది, అది లోపం కాదు. పాత ఇంజిన్‌లో ఆ బిగువు అస్సలు లేకపోతేనే అనుమానించాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు నేను చూసే మొదటి టెస్ట్ ఇదే.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

1. మౌంట్ సరిపోతుందా? ఇంజిన్ కింద బోల్టు రంధ్రాల మధ్య దూరం మీ ట్రక్ మౌంట్‌తో కలవాలి.

2. క్రాంక్ షాఫ్ట్ ఏ రకం? పొడవు, మర ఏ మాత్రం తేడా ఉన్నా మీ పాత ఫ్లైవీల్, క్లచ్ కూర్చోవు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

3. ఎగ్జాస్ట్ పక్కకి ఉందా, వెనక్కి ఉందా? మీ పైప్ దానికి తగ్గట్టు ఉండాలి. లేకపోతే పైప్, హెడర్ కూడా కొత్తవి కొనాలి.

4. స్టార్టర్ ఏది? తాడు లాగే పుల్ స్టార్ట్ చవక, బరువు తక్కువ. ఎలక్ట్రిక్ గన్‌తో తిప్పే రోటో స్టార్ట్ సుఖం, కానీ గన్, బ్యాటరీ వేరే ఖర్చు. బంప్ స్టార్ట్ ఇంజిన్‌కి స్టార్టర్ బాక్స్ కావాలి, మొదటిసారి వాళ్లకి వద్దు.

5. స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా? పిస్టన్-స్లీవ్ సెట్, కనెక్టింగ్ రాడ్, పుల్ స్టార్టర్, వన్ వే బేరింగ్. ఈ నాలుగూ విడిగా అమ్మకానికి లేని ఇంజిన్‌ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఓఎస్ లాంటి జపాన్ కంపెనీ 1936 నుంచి ఉంది, వాళ్ల ఇంజిన్లకి మంచి పేరు. కానీ ధర చూస్తే మన బడ్జెట్ దాటిపోతుంది. తైవాన్‌కి చెందిన ఎస్‌హెచ్ లాంటివి తక్కువ ధరలో వస్తాయి. చాలా రెడీమేడ్ ట్రక్కుల్లో ఈ తరహా ఇంజిన్లే ఉంటాయి కాబట్టి పార్ట్స్ కూడా తేలిగ్గా దొరుకుతాయి. నేను రెండోసారి కొన్నప్పుడు ఎంచుకున్న పద్ధతి ఇదే: ముందు పార్ట్స్ స్టాక్ ఉన్న మోడళ్లు లిస్ట్ రాసుకున్నా, తర్వాత వాటిలో నా ట్రక్ మౌంట్‌కి సరిపోయేది చూశా, చివర్లో ధర చూశా.

నా మొదటి ఇంజిన్ ఎలా పోయింది?

కొన్న కొత్తలో బాగానే నడిచింది. సిటీ శివార్లలో ఖాళీ ప్లాట్ల మధ్య మట్టి నేల, వారానికి ఒకసారి తీసుకెళ్లేవాడిని. రెండు నెలలు తిరిగేసరికి ఐడ్లింగ్ పోయింది. స్టార్ట్ అయి, రెండు నిమిషాలు నడిచి, వేడెక్కగానే ఆగిపోయేది. వీడియోలు చూసి నీడిల్ కొంచెం బిగించా. అంటే లీన్ చేశా. కాసేపు బాగుపడినట్టు అనిపించింది. మళ్లీ ఆగింది, మళ్లీ బిగించా. ఒకరోజు ఫుల్ థ్రాటిల్‌లో కీచుమంటూ వెళ్లి టక్కున ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు.

మా వీధిలో పాత ఆర్‌ఎక్స్ 100లు బాగుచేసే మెకానిక్ అన్న ఉన్నాడు. సిగ్గుపడుతూనే తీసుకెళ్లి చూపించా. చేతిలో పట్టుకుని నవ్వాడు. "బొమ్మ ఇంజనా తమ్మీ?" అన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి పిస్టన్ బయటికి తీసి వెలుగులోకి పెట్టాడు.

"ఫిల్టర్ ఎన్నడన్న కడిగినవా?"

"కొత్తదే కదన్నా, కడగలేదు."

"ఇగో, ఈ గీతలు చూడు. నిలువుగ ఉన్నయ్ కదా, దుమ్ము తిన్నది ఇది. దుమ్ము తిని బోరు అరిగింది, కంప్రెషన్ పోయింది. నువ్వేమో సెట్టింగ్ తప్పనుకొని ఫ్యూయల్ తగ్గించినవ్. ఆయిల్ అందక పట్టేసింది."

ఫిల్టర్ చూస్తే, కార్బురేటర్ మెడకి తగిలించే రబ్బర్ బూట్ కింద సన్నగా పగిలి ఉంది. ఆ పగులు గుండా ప్రతి వారం మట్టి లోపలికి వెళ్తూనే ఉంది. జబ్బు ఒకటి, నేను వేసిన మందు ఇంకోటి. రబ్బర్ బూట్ వంద రూపాయలు కూడా ఉండదు.

కంప్రెషన్ పోయిన ఇంజిన్‌ని నీడిల్‌తో బాగుచెయ్యలేం. ఏడు వేలు పోసి నేర్చుకున్న పాఠం ఇది. అందుకే ఇప్పుడు ఇంజిన్ ఏ రకంగా మొండికేసినా స్క్రూడ్రైవర్ తీసేముందు మూడు చూస్తా: ఫిల్టర్, గ్లో ప్లగ్, పించ్. ఈ మూడూ బాగుంటేనే నీడిల్ జోలికి వెళ్తా.

బ్రేక్-ఇన్: తొందరపడితే అయిపోయినట్టే

కొత్త ఇంజిన్‌లో పిస్టన్, స్లీవ్ ఒకదానికొకటి అలవాటు పడాలి. దానికి ఐదారు ట్యాంకులు పడుతుంది. నేను చేసిన పద్ధతి ఇది:

- స్టార్ట్ చేసే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజిన్ తలని వెచ్చచేశా. చల్లటి ఇంజిన్‌ని బలవంతంగా తిప్పితే ఆ బిగువు దగ్గర కనెక్టింగ్ రాడ్ మీద భారం పడుతుంది.
- ఫ్యాక్టరీ నీడిల్ సెట్టింగ్ మార్చలేదు. అది మామూలుగా రిచ్‌గానే ఇస్తారు.
- మొదటి ట్యాంక్ అంతా ఐడ్లింగ్‌లోనే, మధ్యమధ్యలో కొంచెం థ్రాటిల్. చక్రాలు గాల్లో పెట్టి ఫుల్ థ్రాటిల్ మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి.
- రెండో ట్యాంక్ పావు థ్రాటిల్, మూడోది సగం, నాలుగోది ముప్పావు. ఐదు, ఆరులో అప్పుడప్పుడు రెండు సెకన్లు ఫుల్.
- ట్యాంక్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. చివర్లో గాలి పీల్చి లీన్ అవుతుంది.
- ప్రతి ట్యాంక్ తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చా. చల్లారేటప్పుడు పిస్టన్ కింద ఉండాలి, లేకపోతే స్లీవ్ బిగువు దగ్గర ఇరుక్కుని కూర్చుంటుంది. పిస్టన్ కింద ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకుంటే తెలుస్తుంది.

మొత్తం ఒక ఆదివారం, ఒక సెలవు రోజు పట్టింది. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. కానీ ఆ రెండు రోజుల మీదే మిగతా 11 లీటర్లూ నడిచాయని నా నమ్మకం.

ట్యూనింగ్: చెవి, పొగ, థర్మామీటర్

కార్బురేటర్ మీద ప్రధానంగా మూడు స్క్రూలు. హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్, ఐడిల్ స్క్రూ. నీడిల్ గడియారం దిశలో తిప్పితే లీన్, ఎదురు దిశలో తిప్పితే రిచ్. ఎప్పుడు తిప్పినా చుట్టులో ఎనిమిదో వంతుకి మించొద్దు. తిప్పాక ట్రక్‌ని నాలుగు రౌండ్లు నడిపి చూసి అప్పుడు మళ్లీ తిప్పండి. ఇంజిన్ వేడెక్కాకే ట్యూనింగ్ మొదలుపెట్టాలి.

ముందు హై స్పీడ్ నీడిల్. ఫుల్ థ్రాటిల్‌లో తిన్నగా వదలండి. వెనకాల సన్నటి నీలం పొగ గీత కనపడాలి. దగ్గుతూ, నీళ్లు మింగినట్టు వెళ్తుంటే రిచ్. పొగ లేకుండా కీచుమంటూ వెళ్లి మధ్యలో బలం పడిపోతే లీన్, వెంటనే థ్రాటిల్ వదిలేసి రిచ్ చెయ్యండి.

తర్వాత లో స్పీడ్ నీడిల్. ఐడ్లింగ్‌లో ఉండగా కార్బురేటర్ దగ్గర ఫ్యూయల్ ట్యూబ్‌ని వేళ్లతో నొక్కి పట్టుకోండి. శబ్దం కొద్దిగా పెరిగి రెండు నుంచి నాలుగు సెకన్లలో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ఆగితే లీన్, చాలాసేపు నడుస్తూనే ఉంటే రిచ్. ఐడిల్ స్క్రూ ఆఖర్న.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. గ్లో ప్లగ్ పక్కన పెట్టి చూస్తే 105 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నేను నిశ్చింతగా ఉంటా, 130 దాటితే ఆపేస్తా. థర్మామీటర్ లేకపోతే ఇంజిన్ తల మీద ఒక్క చుక్క నీళ్లు వెయ్యండి. మూడు నాలుగు సెకన్లలో ఆవిరైతే పర్వాలేదు, పడగానే చుయ్యిమంటే మరీ వేడి. పెనం మీద అట్టు వేసే ముందు చూసే టెస్టే ఇది.

ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. వేడి గాలి పల్చన, చల్లటి గాలి చిక్కన. మే నెల మధ్యాహ్నం పర్ఫెక్ట్‌గా సెట్ చేసిన నీడిల్, డిసెంబర్ పొద్దున్నే లీన్ అయిపోతుంది, ఎందుకంటే అదే కార్బురేటర్‌లోకి ఇప్పుడు ఎక్కువ ఆక్సిజన్ వెళ్తోంది. అలాగే హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల పైన ఉంది. ఇక్కడి సెట్టింగ్‌తో వైజాగ్ తీసుకెళ్లి బీచ్ పక్కన నడిపితే అక్కడా లీన్ వైపే జరుగుతుంది. సీజన్ మారినా, ఊరు మారినా ముందు పావు చుట్టు రిచ్ చేసి, అక్కడి నుంచి వెనక్కి రండి. రిచ్‌గా నడిస్తే పొగ, నెమ్మది, అంతే. లీన్‌గా నడిస్తే ఇంజినే పోతుంది.

నడిపిన రోజు పది నిమిషాల పని

ఇది చదివి మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు.

ఫిల్టర్: ప్రతిసారి విప్పండి. స్పాంజ్‌ని కిరోసిన్‌లోనో, సబ్బు నీళ్లలోనో పిండి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి మళ్లీ బిగించండి. ఆయిల్ లేని స్పాంజ్ సన్నటి దుమ్ముని ఆపలేదు. నేను రెండు ఫిల్టర్లు పెట్టుకున్నా, ఒకటి ఆరుతుంటే ఒకటి బండి మీద. రబ్బర్ బూట్‌ని వంచి పగుళ్లు చూడండి, జిప్ టై బిగించండి.

ఫ్యూయల్: ట్యాంక్ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేసి, లైన్‌లో మిగిలింది ఐడ్లింగ్‌లోనే కాలిపోనివ్వండి. మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. లోపల వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి. వానాకాలంలో రెండు వారాలు చాలు దీనికి.

ఆఫ్టర్ రన్ ఆయిల్: గ్లో ప్లగ్ తీసి నాలుగైదు చుక్కలు, కార్బురేటర్‌లో రెండు మూడు చుక్కలు. ఫ్లైవీల్ పదిసార్లు తిప్పి, ప్లగ్ పెట్టి, పిస్టన్ కిందికి దించి పక్కన పెట్టండి.

గ్లో ప్లగ్: తీసినప్పుడు ఇగ్నైటర్ తగిలించి చూడండి. తీగ మొత్తం నారింజ రంగులో వెలగాలి. తీగ మెరుస్తూ తడిగా ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. బూడిద రంగులోకి మారి, వంకర తిరిగి ఉంటే లీన్‌గా నడుస్తోందని అర్థం. రెండు స్పేర్ ప్లగ్‌లు ఎప్పుడూ కిట్‌లో ఉండాలి.

తాడు కదలకపోతే గట్టిగా లాగకండి. చాలాసార్లు లోపల ఫ్యూయల్ నిండిపోయి ఉంటుంది. ప్లగ్ తీసి, తల మీద గుడ్డ కప్పి నాలుగుసార్లు లాగితే బయటికి వచ్చేస్తుంది. మామూలుగా కూడా తాడుని ఒక అడుగుకి మించి లాగొద్దు, లాగితే స్టార్టర్ స్ప్రింగ్ పోతుంది.

ఫ్యూయల్ గురించి సీరియస్‌గా

కార్లు, ట్రక్కుల కోసం అమ్మే 16 నుంచి 20 శాతం నైట్రో ఫ్యూయల్ బడ్జెట్ ఇంజిన్‌కి సరిగ్గా సరిపోతుంది. 30 శాతం వేస్తే వేడి, ఖర్చు పెరుగుతాయి, చిన్న ఇంజిన్‌కి ఆ మేరకు లాభం కనపడదు. విమానాల ఫ్యూయల్‌లో ఆయిల్, నైట్రో పాళ్లు వేరు, అది పోయొద్దు.

ఫ్యూయల్ మన దగ్గర అన్నిచోట్లా దొరకదు. మండే ద్రవం కాబట్టి మామూలు కొరియర్ వాళ్లు తీసుకోరు. అందుకే ఇంజిన్ కొనే ముందే మీకు దగ్గర్లో ఫ్యూయల్ ఇచ్చే హాబీ షాప్ ఉందా కనుక్కోండి. లేకపోతే ఇంజిన్ షోకేస్‌లో పెట్టుకోవాల్సిందే.

దొరకట్లేదు కదా అని ఇంట్లో కలిపే ప్రయత్నం చెయ్యకండి. ఇందులో వాడే ఆముదం మన కొట్లో దొరికే ఆముదం కాదు, జిగురు తీసి శుద్ధి చేసింది. అదైనా పర్వాలేదనుకున్నా, మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి వెళ్లినా కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది, గ్లవ్స్ వేసుకోండి. పగటి వెలుతురులో మిథనాల్ మంట దాదాపు కనపడదు, వేడి తగిలాకే తెలుస్తుంది. డబ్బాని నీడలో, గట్టిగా మూతపెట్టి, పిల్లలకి అందని చోట, వంటింటికి దూరంగా పెట్టండి. కూల్ డ్రింక్ బాటిల్‌లో పోసి పెట్టడం అనే పని ఎప్పుడూ, ఎవ్వరూ చెయ్యకండి.

ఒకసారి ట్రక్ పారిపోయింది

రెండో ఇంజిన్ వేసిన కొత్తలో, గ్రౌండ్‌లో ఒక మూల నడుపుతున్నా. ఇంకో మూల పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. థ్రాటిల్ వదిలా, ట్రక్ ఆగలేదు. రిసీవర్‌లో బ్యాటరీలు అయిపోయాయి. థ్రాటిల్ తెరుచుకుని ఉన్న చోటే సర్వో ఆగిపోయింది. మూడు కిలోల పైన బరువున్న బండి, ఫుల్ స్పీడ్‌లో పిల్లల వైపు. "పక్కకి రా, పక్కకి రా!" అని అరుస్తూ పరిగెత్తా. దారిలో ఒక గుంత తగిలి పల్టీ కొట్టి ఆగింది. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం కాసేపు కాళ్లు వణికాయి.

ఎలక్ట్రిక్ బండికి కరెంట్ పోతే మోటార్ ఆగుతుంది. నైట్రోకి అలా కాదు, రేడియో పోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మూడు తప్పనిసరి. ఒకటి, కార్బురేటర్‌కి థ్రాటిల్ రిటర్న్ స్ప్రింగ్. రెండు, సిగ్నల్ పోయినా, వోల్టేజ్ తగ్గినా బ్రేక్ వేసే ఫెయిల్ సేఫ్. మూడు, ప్రతిసారి ఫుల్ చార్జ్ చేసిన రిసీవర్ బ్యాటరీ. ఇంజిన్ నడుస్తుండగా, చక్రాలు గాల్లో ఉంచి, రిమోట్ ఆపి చూడండి. ఐడ్లింగ్‌కి రాకపోతే ఆరోజు ఇంటికి వెళ్లిపోండి. ఆ రోజు నుంచి మనుషులున్న గ్రౌండ్‌లో నేను నడపడం మానేశా.

అసలు ఖర్చు ఎంత?

ఇంజిన్ ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇగ్నైటర్, థర్మామీటర్, ఫ్యూయల్ బాటిల్, స్పేర్ ప్లగ్‌లు, ఫిల్టర్ ఆయిల్, ఆఫ్టర్ రన్ ఆయిల్, అన్నీ కలిపితే ఇంజిన్ ధరలో దాదాపు సగం నాకు అదనంగా అయ్యింది. నా ట్యాంక్‌లో 100 సీసీ పడుతుంది, పది నిమిషాలు వస్తుంది. అంటే లీటర్‌కి గంటా నలభై నిమిషాల ఆట. మొదటి ఇంజిన్ 3 లీటర్లలోపే పోయింది కాబట్టి నాకు ఆ ఏడు వేలకి ఐదు గంటలు కూడా దక్కలేదు. రెండోది ఇప్పటికే 18 గంటలు దాటింది, పించ్ ఇంకా ఉంది. పోయినా పిస్టన్-స్లీవ్ సెట్ మార్చి మళ్లీ నడపొచ్చు, ఆ పార్ట్ దొరుకుతుందని చూసుకునే కొన్నా కదా.

చివరి మాట

నచ్చినవి: నిజమైన ఇంజిన్ అనుభవం, ట్యాంక్ నింపితే వెంటనే ఆట, పార్ట్స్ మార్చుకుని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

నచ్చనివి: శబ్దం, ఫ్యూయల్ దొరకడం కష్టం, ప్రతిసారి శుభ్రం చెయ్యాలి, పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదు.

కొనాలా? వారానికి ఒక గంట ఆడి, తర్వాత పది నిమిషాలు కూర్చుని శుభ్రం చేసే ఓపిక ఉంటే, 1/10 ట్రక్‌కి పార్ట్స్ దొరికే ఒక .18 ఇంజిన్ తీసుకోండి. ఆ ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన ఇంజిన్ కొన్నా మూడు లీటర్ల కథే అవుతుంది.

రెండో ఇంజిన్ పది లీటర్లు దాటిన రోజు మెకానిక్ అన్నకి తీసుకెళ్లి చూపించా. ఫ్లైవీల్ వేలితో తిప్పి, పైన ఆగుతోందా అని చూశాడు. "ఇప్పుడైతే ఫిల్టర్ కడుగుతున్నవ్ తమ్మీ" అన్నాడు. ఈ ఇంజిన్‌కి వచ్చిన రేటింగ్ అదే, నేను వేరే స్టార్లు ఇవ్వట్లేదు.